మండలాధ్యక్షుని ఎన్నిక: ప్రత్యక్షం నుంచి పరోక్షానికి – ఇబ్రహీంపట్నం నేపథ్యం

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలోని రాయపోలు, దండుమైలారం గ్రామాల ఓటరు తన సర్పంచిని నేరుగా ఎన్నుకుంటాడు. మండల పరిషత్తు అధ్యక్షుని ఎన్నికలో మాత్రం అతనికి ఓటు లేదు. అతను గెలిపించిన ఎం.పి.టి.సి. సభ్యుడు సమావేశంలో చేయి ఎత్తి అధ్యక్షుణ్ణి నిర్ణయిస్తాడు. ఆ చేతిని సైతం పార్టీ విప్ శాసిస్తుంది.

ఈ వ్యత్యాసం మొదటి నుంచీ ఉన్నది కాదు. 1959 నాటి చట్టం పంచాయతీ సమితి అధ్యక్షుని ఎంపికను సర్పంచులే ప్రధానంగా గల సమితి సభ్యులకు అప్పగించింది. సభ్యుల సంఖ్య స్వల్పం కావడంతో ప్రలోభానికీ బెదిరింపుకూ అవకాశం ఎక్కువ. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1986లో తెచ్చిన మండల ప్రజా పరిషత్తుల చట్టం ఆ అధికారాన్ని మండల ఓటర్లందరికీ ఇచ్చింది. 1987లో మండలాధ్యక్షులు, జిల్లా పరిషత్తు అధ్యక్షులు ప్రత్యక్షంగా ఎన్నికయ్యారు. పదిమంది సభ్యులను క్యాంపుకు తరలించవచ్చు గాని మండలాన్నంతటినీ తరలించడం సాధ్యం కాదు కదా!

ఈ పద్ధతి రద్దు కావడానికి కారణం దాని వైఫల్యం కాదు. 1992 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 73వ రాజ్యాంగ సవరణ 243-సి అధికరణం ద్వారా మధ్యంతర, జిల్లా స్థాయి అధ్యక్షులను సభ్యులే తమలోనుంచి ఎన్నుకోవాలని నిర్దేశించింది. గ్రామస్థాయిని మాత్రం శాసనసభ నిర్ణయానికి విడిచింది. విచిత్రమేమంటే, అదే సంవత్సరం ఇజ్రాయెల్ ప్రధానమంత్రి పదవికి ప్రత్యక్ష ఎన్నికను చట్టం చేసింది. మూడు ఎన్నికల అనంతరం 2001లో దానిని రద్దు చేసుకుంది. అక్కడ అనుభవం తీర్పు చెప్పింది. ఇక్కడ ఒకే ఒక ఎన్నిక జరిగింది, అనుభవాన్ని పరీక్షించే వ్యవధి దొరకలేదు.

1994 పంచాయతీరాజ్ చట్టం సవరణను అనుసరించింది. 1994 డిసెంబరులో తిరిగి అధికారానికి వచ్చిన రామారావు హయాంలోనే, 1995లో, ఆయన తోసిపుచ్చిన పరోక్ష పద్ధతిలో మండలాధ్యక్షుల ఎన్నికలు జరిగాయి.

ఇబ్రహీంపట్నం పురపాలక సంఘం స్థితి వేరు. పురపాలక అధ్యక్షుని ఎన్నిక విధానాన్ని 243-ఆర్ అధికరణం రాష్ట్రానికే వదిలింది. 2002లో హైదరాబాద్ మేయరును ఓటర్లు నేరుగా ఎన్నుకోగలిగింది అందువల్లనే. 2019 తెలంగాణ పురపాలక చట్టం మాత్రం వార్డు సభ్యులతోపాటు పదవిరీత్యా సభ్యులైన శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులకూ ఈ ఎన్నికలో ఓటు కల్పించింది. దీనిని మార్చడానికి శాసనసభ సాధారణ చట్టం చాలు. రాయపోలు ఓటరుకు మండలాధ్యక్షుని ఎన్నికలో ఓటు తిరిగి రావాలంటే రాజ్యాంగాన్ని సవరించాలి.