జుట్టుకి ఇస్త్రీ

మొన్న పెళ్ళికి బయల్దేరే హడావిడిలో మా మేనకోడలు అద్దం ముందు కూర్చుని జుట్టుకి ఇస్త్రీ చేసుకుంటోంది. దానికి మా అమ్మ పోలికే, నొక్కుల జుట్టు. గదినిండా మాడు వాసన. "కంగారు పడకు అత్తా, కొత్త మిషను!" అంది.

మిషను కొత్తదేగానీ ముచ్చట పాతదే. 1872 ప్రాంతంలో పారిస్‌లో మార్సెల్ గ్రాటో అనే ఆయన, కాచిన పటకారుతో ఆడవాళ్ళ జుట్టుకి అలలు తెప్పించి పేరు తెచ్చుకున్నాడు. సాఫు జుట్టువాళ్ళకి వంకీల మీద మోజు, వంకీలవాళ్ళకి సాఫు జుట్టు మీద మోజు! 1960లలో అమెరికా కాలేజీ పిల్లలు కొందరు ఇస్త్రీ బల్లమీద తలవాల్చి, బట్టల ఇస్త్రీపెట్టెతోనే జుట్టు సాపు చేసుకున్నారు.

అక్కడి నల్లజాతి స్త్రీలకు మాత్రం ఇది మోజొక్కటే కాదు. 1865లో బానిసత్వం రద్దయినా, వాళ్ళ జుట్టుని చూసి చిన్నచూపు చూడటం పోలేదు. ఉద్యోగానికీ, మర్యాదకీ సాఫు జుట్టే కావాలన్నారు. అందుకే వంటింట్లో పొయ్యిమీద లోహపు దువ్వెన కాచి, కూతురి చెవి మడిచి పట్టుకుని, తల్లి జాగ్రత్తగా దువ్వేది. ఆ దువ్వెన కనిపెట్టింది మేడమ్ సి.జె. వాకర్ అంటారుగానీ, అది నిజం కాదు. 1867లో పుట్టిన ఆవిడ, తన జుట్టే ఊడిపోతుంటే మాడుకి లేపనం తయారుచేసి అమ్మి, వేలమంది స్త్రీలకు బతుకుతెరువు చూపించి, 1919లో కన్నుమూసింది.

ఇంతకీ వేడికి జుట్టు పల్చబడుతుందా? వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తు. అందులోని బలహీనమైన బంధాలు వేడికి విడిపోయి, చల్లారాక కొత్త తీరులో బిగుసుకుంటాయి. తలంటుకుంటే మళ్ళీ మామూలే. వేడి మితిమీరితే మాత్రం కెరటినే చెడిపోతుంది, పైపొర పొలుసులు లేచిపోతాయి. తడిజుట్టు మీద పెడితే మరీ ప్రమాదం. లోపలి నీరు ఆవిరై బుడగలు కడుతుంది, అక్కడే పుటుక్కున తెగుతుంది.

కుదురు చర్మం కింద భద్రంగా ఉంటుంది కనక మొలిచే వెంట్రుకలు తగ్గవు. మధ్యలో తెగిపోవటం వల్లనే జడ చివర ఎలకతోకలా అవుతుంది. మాడు లోతుగా కాలి మచ్చపడితే మాత్రం అక్కడ జుట్టు తిరిగి మొలవదు. ఆ తల్లులు చెవి మడిచి పట్టుకున్నది ఊరికే కాదు!

"బాగా ఆరాక పెట్టుకో. వేడి తగ్గించు. ఒకే పాయమీద పదేపదే లాగకు" అన్నాను.

"మరి నొక్కులు శాశ్వతంగా పోవాలంటే?"

"అవి కుదురులోంచే వస్తాయే. మీ నాయనమ్మవి, ఎక్కడికి పోతాయి?"

అది అద్దంలో ఓసారి చూసుకుని, మిషను ఆపేసింది. పెళ్ళికి సగం సాఫు, సగం నొక్కులతోనే వచ్చింది.