చిన్న కారు, దూరపు బ్రతుకుతెరువు: సరిహద్దు ప్రయాణాల లెక్క

ఉద్యోగం కోసం, వ్యాపారం కోసం, బాడుగ కోసం ప్రతిదినం వందకు పైగా కిలోమీటర్లు సొంత కారులో తిరిగేవారు మన సరిహద్దు గ్రామాల్లో చాలామంది ఉన్నారు. విత్తనాలు, ఎరువులు, మందుల కంపెనీల ప్రతినిధులు, పత్తి కొనుగోలుదారులు, ఒక రాష్ట్రంలో ఇల్లు ఉండి మరొక రాష్ట్రంలో కొలువు చేసేవారు, అద్దె కారు నడిపేవారు ఈ కోవకు చెందుతారు. వీరిలో అధికుల చేతిలో ఉండేది చిన్న కారే. అటువంటి కారును, దానిని నడిపే మనిషిని, వారి మీద ఆధారపడిన కుటుంబాన్ని కాపాడుకొనుటకు తెలిసి ఉండవలసిన విషయాలు ఈ వ్యాసంలో పొందుపరచబడినవి.

దూరాలు ఎందుకు పెరిగాయి?

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అప్పటి బళ్లారి జిల్లా రెండుగా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్లారితో సహా మిగిలిన తాలూకాలు మైసూరు రాష్ట్రానికి చేరాయి. పటంలో గీత పడినంత మాత్రాన సంతలు, సంబంధాలు, పంట అమ్మకాలు దారి మార్చుకోలేదు. నేటికీ ఆదోని పత్తి మార్కెట్టు, సిరుగుప్ప బియ్యం మిల్లులు, బళ్లారి జీన్స్ కుట్టు పరిశ్రమ, గుంతకల్లు రైల్వే జంక్షను రెండు వైపుల వారినీ రోడ్డెక్కిస్తూనే ఉన్నాయి.

బళ్లారి నుండి గుంతకల్లుకు సుమారు 50 కిలోమీటర్లు. రాయదుర్గం, సిరుగుప్ప కూడా దాదాపు అంతే దూరం. హొసపేట అంతకంటె కొంచెం ఎక్కువ. బళ్లారిలో బయలుదేరి ఆలూరు, ఆదోని, సిరుగుప్పల మీదుగా తిరిగి బళ్లారి చేరితే 160 కిలోమీటర్లకు తగ్గదు. వ్యాపార ప్రతినిధులకు ఇది ఒక దినపు పని మాత్రమే.

దినానికి 160 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 దినాలు తిరిగితే 4,000 కిలోమీటర్లు, ఏడాదికి 48,000. భూమధ్యరేఖ చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. అనగా మన ఊరి చిన్న కారు ఏటా భూమిని ఒక చుట్టు చుట్టి, రెండవ చుట్టు కూడా ప్రారంభిస్తున్నది. ఇదే వేగంతో ఎనిమిదేళ్లు తిరిగితే 3,84,000 కిలోమీటర్లు. భూమికి, చంద్రునికి మధ్య సగటు దూరం కూడా ఇంచుమించు ఇంతే. ఈ లెక్కను బడిలో నల్లబల్ల మీద వేసి చూపినప్పుడు, అటువంటి కార్లు నడిపేవారి పిల్లలే అందరికంటె ఎక్కువ ఆశ్చర్యపోయారు.

చిన్న కారు ఇంత దూరం మోయగలదా?

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 మూడు సిలిండర్ల, 796 సి.సి. ఇంజనుతో మధ్యతరగతి ఇంటికి కారును చేర్చింది. దాని తయారీ 2014లో నిలిచిపోయింది. 1998 చివర విడుదలైన టాటా ఇండికా డీజిలు ఇంజనుతో వచ్చి, బాడుగ కార్ల వ్యాపారాన్ని పల్లెల వరకు తెచ్చింది. అదీ 2018లో ఆగిపోయింది. 2000లో వచ్చిన ఆల్టో పేరు మాత్రం నేటికీ మన దారుల మీద వినిపిస్తున్నది.

సరిగా చూసుకొంటే కారు ఎంత దూరమైనా మోస్తుందనుటకు ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ ఒక ఉపాధ్యాయునిదే కావడం ఈ వ్యాసకర్తకు సంతోషం కలిగించే విషయం. అమెరికాలోని లాంగ్ ఐలాండ్‌కు చెందిన సైన్సు ఉపాధ్యాయుడు ఇర్వ్ గోర్డన్ 1966లో ఒక వోల్వో కారు కొన్నారు. దాని ఇంజను 1.8 లీటర్లది. పాఠశాలకు రానుపోను దినానికి 125 మైళ్లు, అనగా 200 కిలోమీటర్లు నడిపేవారు. ఆ కారు 2013 సెప్టెంబరులో 30 లక్షల మైళ్లు, అనగా సుమారు 48 లక్షల కిలోమీటర్లు పూర్తి చేసింది. 2018లో ఆయన మరణించేనాటికీ ఆ కారు తిరుగుతూనే ఉన్నది. రహస్యమేమని అడిగినవారికి, కారుతోపాటు ఇచ్చిన పుస్తకంలో చెప్పినట్లు చేయడమేనని ఆయన సమాధానం.

సర్వీసింగును నెలలతో లెక్కించరాదు

ఎక్కువ దూరం తిరిగేవారు చేసే ప్రధానమైన పొరపాటు ఇదే. పుస్తకంలో "10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందైతే అది" అని ఉంటుంది. ఇంటి వాడుక కారుకు పన్నెండు నెలలు ముందు వస్తాయి. నెలకు 4,000 తిరిగే కారుకు రెండున్నర నెలలకే పదివేలు పూర్తవుతాయి. పండుగకు ఒకసారి సర్వీసింగు చేయించే అలవాటు ఇక్కడ ఇంజనును తినివేస్తుంది. వారంటీ కూడా అంతే. మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు అని ఉంటే, మనకు అది రెండేళ్ల చిల్లరకే ముగుస్తుంది.

మన ప్రాంతపు ఎండ, నల్లరేగడి దుమ్ము, గనుల వైపు ఎర్రదుమ్ము కారణంగా ఎయిర్ ఫిల్టరు త్వరగా పూడిపోతుంది. సర్వీసింగుల నడుమ కూడా దానిని విప్పి చూపించుకోవాలి. కూలెంటు తగ్గితే నీళ్లు పోసి సరిపెట్టుకోరాదు. తగ్గిన కారణం వెదకాలి. టైమింగ్ బెల్టు గల ఇంజన్లలో దానిని చెప్పిన కిలోమీటర్లకు తప్పక మార్చాలి. నడుస్తుండగా తెగితే అనేక ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. బెల్టు ఖర్చు వేలలో పోయేది ఇంజను ఖర్చయి కూర్చుంటుంది.

టైర్లు సుమారు 40,000 కిలోమీటర్లు వస్తాయనుకొంటే మనకు పది నెలలకే కొత్తవి కావాలి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరుతో కారు నడపడం నిబంధనలకు విరుద్ధం. వారానికొకసారి ఉదయాన, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించాలి. స్టెప్నీని మరువరాదు.

కిలోమీటరు ఖరీదు

చాలామంది పెట్రోలు ఖర్చునే కారు ఖర్చు అనుకొంటారు. ఒక ఉదాహరణ చూద్దాం. లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే కారు, లీటరు వంద రూపాయలు అనుకొంటే ఇంధనం కిలోమీటరుకు 5 రూపాయలు. నాలుగు టైర్లు 16,000 రూపాయలైతే 40 పైసలు. పదివేల కిలోమీటర్లకు ఒక 5,000 రూపాయల సర్వీసింగు 50 పైసలు. క్లచ్చి, బ్రేకులు, బ్యాటరీ, సస్పెన్షను పనులకు మరొక 50 పైసలు. ఏటా 15,000 రూపాయల బీమా 31 పైసలు. 5 లక్షలకు కొన్న కారు 3 లక్షల కిలోమీటర్ల తరువాత లక్ష రూపాయలకు అమ్ముడుపోతే, ఆ తరుగు కిలోమీటరుకు 1 రూపాయి 33 పైసలు. మొత్తం 8 రూపాయలు దాటుతుంది.

ఇప్పుడు కంపెనీ కిలోమీటరుకు 6 రూపాయలు ఇస్తున్నదనుకొందాం. పెట్రోలు పోను రూపాయి మిగులుతున్నదని ఆ కుటుంబం భావిస్తుంది. వాస్తవానికి కిలోమీటరుకు 2 రూపాయల చొప్పున ఏడాదికి 96,000 రూపాయలు తమ జేబులో నుండి కంపెనీకి ఇస్తున్నది. నష్టం నెలనెలా కనిపించదు. కారు మూలపడిన రోజున ఒక్కసారిగా కనిపిస్తుంది. ఉద్యోగానికి ఒప్పుకొనే ముందు ఈ లెక్కను మీ సొంత అంకెలతో వేసి చూసుకోవాలి.

కొన్నేళ్లుగా ఆంధ్ర వైపు పన్ను అధికమై పెట్రోలు ధర కర్ణాటక కంటె ఎక్కువగా ఉంటున్నది. కనుక కన్నడ వైపు పని ఉన్న దినాన అక్కడి బంకులో నింపుకొనడం లాభమే. దానికోసమే ప్రత్యేకంగా ప్రయాణం చేయడం మాత్రం దండుగ.

దేహం లెక్క

ఇంజనును విప్పి బాగుచేయవచ్చు. మనిషికి ఆ వీలు లేదు. మా దగ్గరి బంధువు ఒకరు విత్తనాల అమ్మకం పనిమీద తిరిగేవారు. ఒక సీజనులో ఉదయం 4 గంటలకు లేచి బయలుదేరి, రాత్రి 9 గంటల వేళ తిరిగివస్తూ, ఇల్లు ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా కునుకు పట్టారు. కారు కాలువ గట్టు పక్కన తుమ్మచెట్టుకు తగిలి ఆగింది. ప్రాణం దక్కింది. చేయి మాత్రం పూర్తిగా చక్కబడలేదు. గుమిగూడినవారందరూ మొదట అడిగిన మాట "తాగినాడా?" అని. ఆయన జన్మలో మద్యం ముట్టినవారు కారు. ఆ ప్రశ్నకు ఆయన తల్లి పడిన బాధ, చేయి విరిగినదానికంటె ఎక్కువ.

అయితే ఆ ప్రశ్నలో ఒక శాస్త్రసత్యం దాగి ఉన్నది. సుమారు 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉన్నవాని స్థాయికి తగ్గుతుందని పరిశోధకులు తేల్చారు. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం విధించిన పరిమితి 30 మిల్లీగ్రాములే. ఉదయం నాలుగు నుండి రాత్రి తొమ్మిది వరకు లెక్కించండి: సరిగ్గా 17 గంటలు.

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్ల కునుకులో 66 మీటర్లు అది ఎవరి అదుపులోనూ ఉండదు. తెల్లవారుజామున 2 నుండి 6 వరకు, మధ్యాహ్నం 2 నుండి 4 వరకు దేహం సహజంగానే నిద్రను కోరుతుంది. పాటలు పెద్దగా పెట్టడం, అద్దాలు దించడం వల్ల నిద్ర పోదు. కారును రోడ్డుకు దూరంగా భద్రమైన చోట ఆపి, కాఫీ తాగి, 15–20 నిమిషాలు కన్ను మూయడమే పనిచేసే ఉపాయం.

బస్సు, లారీ కార్మికుల కోసం వచ్చిన 1961 నాటి చట్టం దినానికి 8 గంటల పని, 5 గంటల పని తరువాత అరగంట విశ్రాంతి అని నిర్దేశించింది. ఐరోపాలో పెద్ద వాహనాల డ్రైవర్లు నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాలి. సొంత కారులో తిరిగేవాని గంటలను లెక్కించే అధికారి ఎవరూ లేరు. ఆ లెక్క ఇంటివారే చూడాలి. రెండు గంటలకొకసారి దిగి నడవడం, నీళ్లు తాగడం, మూత్రాన్ని బిగపట్టకుండుట నడుముకు, మూత్రపిండాలకు మేలు చేస్తాయి.

రెండు రాష్ట్రాల నిబంధనలు

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 47వ సెక్షను ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన కారును మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి కొత్త నెంబరుకు దరఖాస్తు చేయాలి. పాత కార్యాలయం నుండి ఫారం 28 ద్వారా నిరభ్యంతర పత్రం పొంది, కొత్త చోట ఫారం 27 సమర్పించాలి. రోజూ సరిహద్దు దాటి రాత్రికి సొంత ఊరు చేరే కారు మరొక రాష్ట్రంలో ఉంచినట్లు కాదు. నివాస ధ్రువపత్రం నకలు కారులో ఉంచుకొనడం మంచిది.

తెల్ల నెంబరు ప్లేటు గల కారును బాడుగకు తిప్పరాదు. సొంత వాడుక కారు బీమా బాడుగకు గాని, సరుకు రవాణాకు గాని వర్తించదు. అమ్మకందారు వెంట తీసుకొనిపోయే నమూనాలకు మాత్రం అభ్యంతరం లేదు. నాలుగు జీన్స్ నమూనాలు వేరు, వెనుక సీటు నిండా మూటలు వేరు.

కారు యజమానికి 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. అది ఆర్సీలో పేరు ఉండి, చెల్లుబాటయ్యే లైసెన్సుతో తానే నడిపే యజమానికి సంబంధించినది. కారు తండ్రి పేరున ఉండి రోజూ కుమారుడు నడుపుతుంటే, ఆ రక్షణ కుమారునికి రాదు. మన ఇళ్లలో ఇది సర్వసాధారణం కనుక ఈ రాత్రే ఆర్సీ తీసి చూడండి. నడిపేవారి పేరున వేరుగా ప్రమాద బీమా తీసుకొనవచ్చు.

2019 జూలైకి ముందు తయారైన చిన్న కార్లలో అనేకం ఎయిర్ బ్యాగు లేనివి. ఖనిజ లారీలు, దీపం లేని ట్రాక్టరు ట్రెయిలర్లు తిరిగే మన దారుల్లో వాటికి సీటు బెల్టు ఒక్కటే రక్ష. ప్రమాదం జరిగితే 108 రెండు రాష్ట్రాల్లోనూ పనిచేస్తుంది. 2025 మేలో అమలులోకి వచ్చిన కేంద్ర పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితునికి ఏడు దినాల వరకు, లక్షన్నర రూపాయల మేరకు నగదు చెల్లించకుండా చికిత్స లభిస్తుంది.

ఇంటిలో ఉంచవలసిన పుస్తకం

పాల లెక్క రాసినట్లే ఒక నోటు పుస్తకంలో ఈ వివరాలు రాసుకొనవలెను.

1. ప్రతి ఆదివారం మీటరులోని అంకె.
2. పెట్రోలు లీటర్లు, రూపాయలు.
3. సర్వీసింగు, టైర్లు, బెల్టు మార్చినప్పటి కిలోమీటర్లు, తిరిగి మార్చవలసిన కిలోమీటర్లు.
4. బీమా, కాలుష్య ధ్రువపత్రం, లైసెన్సు గడువు తేదీలు.
5. లేచిన వేళ, ఇల్లు చేరిన వేళ.

మొదటి నాలుగు కారు కోసం. అయిదవది మనిషి కోసం. మా బంధువుల ఇంట ఇప్పుడు ఆ అయిదవ గడిని ఆయన తల్లే నింపుతున్నారు. పద్నాలుగు గంటలు దాటితే, ఎక్కడున్నా ఆగి అక్కడే పడుకొని తెల్లవారి రమ్మని ఆమె ఫోను చేస్తారు.