గంగా నది డాల్ఫిన్

గంగా నది డాల్ఫిన్ మంచినీటిలో నివసించే క్షీరదము. దీని శాస్త్రీయ నామము ప్లాటనిస్టా గాంజెటికా. ఇది భారతదేశము, నేపాల్, బంగ్లాదేశ్‌లలో గంగ, బ్రహ్మపుత్ర, మేఘన నదులలోను, వాటి ఉపనదులలోను కనిపిస్తుంది. గోదావరి, కృష్ణా నదులలో ఈ జాతి లేదు. పూర్వము సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1801లో దీనిని వర్ణించాడు. 2009లో భారత ప్రభుత్వము దీనిని జాతీయ జలచరముగా ప్రకటించింది.

లక్షణములు

దీని కళ్ళలో కటకము లేనందున చూపు దాదాపు శూన్యము. బురదనీటిలో ధ్వనులు వెలువరించి, వాటి ప్రతిధ్వనులను బట్టి చేపలను వెదకుతుంది. తరచు ఒక పక్కకు ఒరిగి ఈదుతుంది. ఊపిరితిత్తులతో శ్వాసించును కనుక మాటిమాటికి నీటిపైకి రావలెను. ఆ శ్వాస శబ్దమును బట్టి హిందీలో దీనిని 'సూంస్' అంటారు. ఆడవి మగవాటికంటె పెద్దవి. ఒక కాన్పులో సాధారణముగా ఒకే పిల్ల పుడుతుంది.

క్షీణతకు కారణములు

* 1975లో ప్రారంభమైన ఫరక్కా వంటి బ్యారేజీలు నదిలోని డాల్ఫిన్లను ఎగువ, దిగువ గుంపులుగా విడదీసాయి.
* సాగునీటి మళ్ళింపు వలన వేసవిలో లోతైన మడుగులు తగ్గిపోతున్నాయి.
* చేపల వలలలో చిక్కినవి పైకి రాలేక ఊపిరాడక మరణిస్తాయి.
* చేపలకు ఎరగా వాడే నూనె కొరకు వీటిని చంపుట కూడ జరిగింది.

సంతానోత్పత్తి నెమ్మదిగా జరుగుట వలన ఈ నష్టము త్వరగా పూడదు.

సంరక్షణ

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో ఈ జాతి ఉన్నది. 1991లో బీహారులోని సుల్తాన్‌గంజ్, కహల్‌గావ్‌ల మధ్య గంగానదిని విక్రమశిల డాల్ఫిన్ అభయారణ్యముగా ప్రకటించారు. 2020లో 'ప్రాజెక్ట్ డాల్ఫిన్' ప్రకటించబడినది. 2025లో వెలువడిన ప్రభుత్వ నివేదిక ప్రకారము భారతదేశములో వీటి సంఖ్య సుమారు 6,324. వీటిలో అధిక భాగము ఉత్తర ప్రదేశ్, బీహారు రాష్ట్రములలో ఉన్నాయి.