ముప్పై కోటల మాట ఎక్కడిది?

గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు ఈ లెక్క కంఠతా వచ్చు: ఆంధ్రులకు 30 కోటలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు. చెప్పింది మెగస్తనీస్. అక్కడితో మార్కు పడిపోతుంది. ఒక గ్రీకువాడికి మన ఏనుగుల లెక్కతో ఏం పని, ఆ లెక్క మనదాకా ఎట్లా వచ్చింది అన్నది మాత్రం ఎవరూ అడగరు.

అసలు మెగస్తనీస్ రాసిన 'ఇండికా' ఇప్పుడు లేదు. ఇతరులు తమ పుస్తకాల్లో ఎత్తి రాసుకున్న ముక్కలే మిగిలాయి. ఆంధ్రుల మాట దొరికేది ప్లినీ అనే రోమనుడి దగ్గర, క్రీ.శ. 77 ప్రాంతంలో లాటిన్‌లో రాసిన 'ప్రకృతి చరిత్ర'లో. (రెండేళ్లకే వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఆయన చనిపోయాడు.) భారతదేశపు జాతులను వరసగా చెబుతూ, ఆంధ్రులకు లెక్కలేనన్ని ఊళ్లు, గోడలూ బురుజులూ ఉన్న 30 పట్టణాలు ఉన్నాయంటాడు. ఇది ఫలానావాడు చెప్పాడని అక్కడ రాయలేదు. కానీ ఆ వరసలో అందరికన్నా బలవంతుడు పాటలీపుత్రం రాజు: 6 లక్షల కాల్బలం, 30,000 గుర్రాలు, 9,000 ఏనుగులు. ప్లినీ కాలానికి మగధకు అంత సత్తా ఎక్కడిది? దక్షిణాన శాతవాహనులు ఏలుతున్న రోజులవి. కాబట్టి ఇది మౌర్యుల నాటి లెక్క అనీ, మూలం మెగస్తనీసే అనీ పండితులు తేల్చారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఇక ఏనుగుల సంగతి. అది గ్రీసు నుంచే మొదలుపెట్టాలి. గ్రీసు మొదట్నుంచీ ఒక్క రాజ్యం కాదు. కొండలు, వాటి నడుమ ఇరుకు మైదానాలు, ఎటు నడిచినా సముద్రం. ఒక్కో మైదానానికి ఒక్కో నగరం, నగరానికో ప్రభుత్వం. ఏథెన్స్‌లో పౌరులంతా ఒకచోట చేరి, యుద్ధానికి పోవాలా వద్దా అన్నది చేతులెత్తి తేల్చేవాళ్లు. ఆడవాళ్లకు, బానిసలకు ఆ హక్కు లేదు. స్పార్టాకు ఒకేసారి ఇద్దరు రాజులు. ఈ రెండు నగరాలూ క్రీ.పూ. 431 నుంచి 404 దాకా కొట్టుకున్నాయి. తర్వాతి కాలంలో మాసిడోనియా రాజు వచ్చి గ్రీకు నగరాల మీద పెత్తనం చేశాడు. ఆయన కొడుకే అలెగ్జాండర్. క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున పురుషోత్తముడి ఏనుగులతో తలపడి గెలిచినా, బియాస్ దగ్గర సైన్యం ఇక కదలనంది. ముందున్న గంగ ఒడ్డు రాజులకు వేల ఏనుగులున్నాయన్న కబురు వాళ్ల భయాన్ని పెంచింది.

అలెగ్జాండర్ పోయాక ఆయన సేనానుల్లో ఒకడైన సెల్యూకస్ చంద్రగుప్తుడితో పోరు పెట్టుకుని, చివరికి సంధి చేసుకున్నాడు. పడమటి భూములిచ్చి 500 ఏనుగులు తీసుకున్నాడు. మంచి బేరమే. క్రీ.పూ. 301లో ఇప్సస్ యుద్ధంలో శత్రువు అశ్వదళం వెనక్కి రాకుండా అడ్డం నిలిచింది ఆ ఏనుగులే. అట్లాంటి రాజు తరఫున పాటలీపుత్రానికి వచ్చిన రాయబారి మెగస్తనీస్. ఏ రాజు దగ్గర ఎన్ని ఏనుగులున్నాయో కనుక్కోవడం ఆయన కొలువులో భాగమే అనుకోవాలి. ఆంధ్రదేశానికి ఆయన వచ్చిన దాఖలా లేదు. మగధ కొలువులో విన్నదే రాసుకుని ఉంటాడు. కోట గోడలున్న పట్టణాలను విడిగా లెక్కపెట్టడం మాత్రం నగరానికో రాజ్యం చూసి పెరిగినవాడి అలవాటులా ఉంది.

ఆ 30 ఏవి? భూపాలపల్లి జిల్లా టేకుమట్ల మండలంలో గర్మిళ్లపల్లి దగ్గర మానేరు దాటితే అవతలి ఒడ్డు పెద్దపల్లి జిల్లా. ఆ జిల్లాలోనే ధూళికట్ట, పెద్దబంకూరు ఉన్నాయి. 1970లలో ధూళికట్టలో తవ్వితే మట్టి కోటగోడ బయటపడింది. పక్కనే బౌద్ధస్తూపం, దాని పలకల మీద పడగలు విప్పిన ముచిలిందనాగు. పెద్దబంకూరులో ఇటుక కట్టడాలు, చేదబావులు, కుండ నిండా శాతవాహన నాణేలు. ఇంకాస్త పైన గోదావరి ఒడ్డు కోటిలింగాల. అక్కడ దొరికిన నాణేల మీద గోబద, నారన, కంవాయసిరి, సమగోప అనే పేర్లున్నాయి. వీళ్లు శాతవాహనులకు ముందటి రాజులంటారు. ధూళికట్ట ఆ ముప్పైలో ఒకటని చెప్పిన చరిత్రకారులున్నారు. పేర్లతో జాబితా లేదు కాబట్టి దీన్ని రుజువు చేయడం కష్టం. అయినా ఒక్క మహారాజు కింద కాక, ఒక్కో ఏటి ఒడ్డున ఒక్కో కోట, దానికో దొర అన్నట్టు ఉన్న నేలను ఈ నాణేలు చూపిస్తున్నాయి. లెక్కకు అది సరిపోతుంది.

తర్వాతి గ్రీకులకు కోటలతో పనిలేదు, బట్ట కావాలి. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో ఎర్రసముద్రం దారి చెబుతూ ఒక నావికుడు రాసిన పుస్తకం మసాలియాలో, అంటే మన కృష్ణా తీరంలో, సన్నని నూలుబట్టలు నేస్తారంటుంది. రెండో శతాబ్దపు భూగోళకారుడు టాలమీ కంటకస్సిల రేవును గుర్తించాడు. అదే ఘంటసాల. పైఠాన్ ఏలిన శాతవాహన రాజు పులుమావి పేరు ఆయన చేతిలో 'సిరో పొలెమాయోస్' అయింది. మానేరు లోపలి ఊళ్లకు ఆ పటంలో చోటు దొరికినట్టు కనబడదు. ఓడకు పనికొచ్చేదే ఓడవాళ్లు రాస్తారు.

మనవాళ్లు వాళ్లను ఎట్లా చూశారన్నది వేరే కథ. శక, యవన (అంటే గ్రీకు), పహ్లవులను అణచినవాడని గౌతమీపుత్ర శాతకర్ణిని ఆయన తల్లి నాసిక్ శాసనం పొగుడుతుంది. అదే శాతకర్ణి, శక రాజు నహపాణుడి గ్రీకు అక్షరాలున్న వెండి నాణేలను కరిగించకుండా వాటి మీదే తన ముద్ర కొట్టించాడు. 1906లో జోగల్‌తంబిలో దొరికిన 13,000కు పైగా నాణేల్లో తొమ్మిది వేలకు పైగా అట్లాంటివే.

ఇంతకన్నా ముందే గ్రీకు రాజుల పేర్లు తెలుగు నేల మీద రాతికెక్కాయి. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉన్న అశోకుడి 13వ శాసనం ఆంధ్రులను, యవనులను ఒకే వరసలో తన ధర్మం పాటించేవాళ్లుగా చెబుతుంది. ఐదుగురు గ్రీకు రాజుల పేర్లూ చెబుతుంది. అందులో మొదటివాడు అంతియోకుడు, మెగస్తనీస్‌ను పంపిన సెల్యూకస్‌కు మనవడు.