నిమ్మకాయ గుచ్చిన కఠారి

మొన్న మాఘమాసంలో మా తమ్ముని మనుమని వివాహం ఖమ్మంలో జరిగినది. ఎదురుకోళ్ళ వేళకు వరుని చేతికి కఠారి ఇమ్మన్నారు. బజారులో కొన్న కఠారి అది. బంగారు పూత, ఒరకు ఎర్రని మఖమలు, పిడికి గాజురాళ్ళు. దాని మొనకు నిమ్మకాయ గుచ్చబోతే గుచ్చుకొనలేదు! రెండు మూడు పర్యాయాలు ప్రయత్నించి, చివరకు వంటవారి చాకుతో నిమ్మకాయకు రంధ్రం చేసి, అందులో కఠారిని దూర్చవలసి వచ్చినది. పెళ్ళివారందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం తరువాత మనవి చేస్తాను.

ముందుగా మాట సంగతి. మన భాషలో చిన్న ఆయుధాలకు పేర్లకు కొదువ లేదు. సంస్కృతంలోని ఛురిక మనకు సురియ అయినది. కఠారి ఉన్నది, బాకు ఉన్నది, పిడిబాకు ఉన్నది. జముదాడి అని ఒక భయంకరమైన పేరు, అనగా యముని కోర. వీటిలో కఠారి ఆకారం ప్రత్యేకం. తక్కిన కత్తులకు పిడి అలుగుకు కొనసాగింపుగా ఉంటుంది. కఠారికి రెండు నిలువు కమ్ముల నడుమ అడ్డంగా పట్టు ఉంటుంది. పిడికిలి బిగిస్తే అలుగు చేతికి కొనసాగింపు అవుతుంది. నరకడానికి కాదు, పొడవడానికి. పూర్వపు కఠారులలో మొనను తక్కిన అలుగుకంటె మందంగా చేసేవారు. ఇనుప కడియాల కవచాన్ని ఛేదించడానికి.

ఇంతటి క్రూరమైన వస్తువు పెండ్లిపీటల మీదికి ఎట్లు వచ్చినది? తెలంగాణంలో అనేక కులాలలో పెండ్లికుమారుడు ఆ కొద్ది రోజులూ రాజుతో సమానం. రాజుకు నడుమున ఆయుధం ఉండవలెను. జమీందారుల ఇండ్లలో వరుడు రాలేనప్పుడు అతని ఖడ్గాన్ని పంపి, దానితోనే వధువుకు వివాహం జరిపించిన ఆచారం కూడ ఉండెడిది. కత్తి మనిషికి బదులు నిలిచినదన్న మాట.

కట్టుకొనే కత్తికి, వాడే కత్తికి మధ్య ఎడం ఎప్పుడు వచ్చినదని ఆలోచిస్తే నాకు స్కాట్లండు గుర్తుకు వచ్చినది. అక్కడి కొండజాతులవారు పండుగ దుస్తులలో మేజోడు అంచున ఒక చిన్న కత్తిని దోపుకుంటారు. పేరు స్కీయన్ డూ, నల్లకత్తి అని అర్థం. పిడి నల్లనిది కనుక అని కొందరు, దాచిపెట్టే కత్తి కనుక అని కొందరు. 1745 తిరుగుబాటు అణగిన పిమ్మట, 1746లో ఆంగ్ల ప్రభుత్వం ఆ కొండవారి ఆయుధాలనే కాక వారి దుస్తులను కూడ నిషేధించినది. 1782లో నిషేధం తొలగినది. 1822లో నాలుగవ జార్జి రాజు ఎడింబరో వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ పూనికతో ఆ వేషమే దొరల దర్బారు వేషమైనది. ఆయుధంగా భయపెట్టినంత కాలం నిషిద్ధం. భయం పోయిన తరువాత అలంకారం! నేడు అక్కడ కూడ ప్లాస్టిక్ పిడితో, తుప్పు పట్టని రేకుతో చేసినవి అమ్ముతారు. మంచిది కావలెనన్నవారు మాత్రం నల్లచేవ కర్రతో చెక్కిన పిడిని, వెండి కట్టును చూచి కొంటారు.

మన గోదావరి ఒడ్డున ఇటువంటి కథే మరొక విధంగా నడిచినది. 1860లో నిజాము భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను ఆంగ్లేయులకు ఇచ్చివేసినాడు. నాటి నుండి 1948 వరకు ఇక్కడ గోదావరి రెండు ప్రభుత్వాల నడుమ సరిహద్దు. ఆవలి ఒడ్డున భద్రాచలం కుంఫిణీ వారసులది, ఈవలి ఒడ్డున పాల్వంచ నిజాముది. 1878లో లిట్టన్ దొర ఆయుధాల చట్టం తెచ్చినాడు. మరుసటి సంవత్సరమే రంపలో తిరుగుబాటు లేచి రేకపల్లి దాకా ప్రాకినది. ఆవలి ఒడ్డున అడవిలో ఆయుధం పట్టినవాడు ప్రభుత్వానికి అనుమానితుడు. ఈవలి ప్రభుత్వపు రాజధానిలోనో, ఆయుధమే హోదా.

హైదరాబాదులో హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బు సైనికులు నడుమున వంకర జంబియా ధరించి తిరిగేవారు. వారి బారకాసులున్న చోటే నేటి బార్కస్. వారి పుట్టినదేశమైన యెమెన్‌లో జంబియా విలువను అలుగును బట్టి కాక పిడిని బట్టి కట్టేవారు. ఖడ్గమృగం కొమ్ముతో చేసిన పిడికి అన్నిటికంటె ఎక్కువ వెల. నాకిది కొంత వింతగానే తోస్తుంది. ఎందుకనగా మన నేలలో విలువ అలుగుది.

అలుగుకు ప్రాణం ఉక్కు. ఆంగ్లేయులు వూట్జ్ అని వ్రాసుకొన్నది మన దక్షిణాది 'ఉక్కు' మాటనే. 1794లో హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు బొంబాయి నుండి ఆ ఉక్కును లండన్‌కు పంపినాడు. చిత్రమేమనగా, ఆయనా స్కాట్లండు వాడే. అంతకు ముందు శతాబ్దంలోనే టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు, నీటిచారలు దేలే ఉక్కు గోలకొండ రాజ్యం నుండి పర్షియాకు పోతున్నదని వ్రాసినాడు. 1667 ప్రాంతంలో ఇటు వచ్చిన తెవెనో ఇందల్వాయిలో కత్తులు, బాకులు చేసి దేశమంతటా అమ్మడం గమనించినాడు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో ఉక్కు చేసే విధానాన్ని వాయిసీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు వర్ణించినాడు. ఆయన మరణించిన తరువాత 1832లో అది అచ్చయినది. రెండు చోట్ల దొరికిన రెండు రకాల ఇనుమును మూడు పాళ్ళు, రెండు పాళ్ళు కలిపి, మట్టిమూసలలో పెట్టి మూసి కాల్చేవారు. ఇస్ఫహాను వర్తకులు అంత దూరం నుండి ఆ ఉక్కుముద్దల కొరకు వచ్చి కూర్చునేవారు. మన బయ్యారం గుట్టలలోనూ ఇనుపరాయి ఉన్నది. 2014 పునర్విభజన చట్టంలో ఖమ్మం జిల్లాకు ఉక్కు కర్మాగారం సాధ్యమగునేమో పరిశీలించమని కూడ వ్రాసినారు. ఆ మాటను అంతటితో విడిచిపెడతాను.

ఆ ఉక్కులో నూటికి ఒకటి నుండి రెండు పాళ్ళు బొగ్గు కలిసి ఉంటుంది. మూసలో మెల్లగా చల్లారిన ముద్దను తక్కువ వేడిమిలో ఓపికగా సాగగొడితే లోపల పొరలు ఏర్పడతాయి. వేడి మించినదా, పొరలు కరగిపోతాయి. అవి ఊరకే కంటికి కనబడవు. పులుపు తగిలితేనే పైకి తేలుతాయి.

ఇక నా నిద్ర పట్టని సంగతి. మా ఇంట ఒక పాత కఠారి ఉన్నది. అది ఎవరి కాలంలో వచ్చినదో మా నాయనగారికే తెలియదు. ప్రతి పెండ్లికీ దానికి నిమ్మకాయ గుచ్చేవారు. పదహారు రోజుల పండుగ దాకా తీసేవారు కారు. అందుచేత అలుగంతా నల్లని మరకలు. 1985లో నా పెండ్లికి ఆ నల్లకత్తి పట్టుకొనడం నాకు నామోషీ అనిపించినది. పండిత శిక్షణ పూర్తయిన కుర్రతనం! ఎవరికీ చెప్పక సానపట్టే చోటికి తీసుకొనిపోయి కరెంటు సానరాతి మీద రుద్దించినాను. నిప్పురవ్వలు రాలినవి, మొన నీలం తిరిగినది. అద్దంలాగ మెరిసినది. మా నాయనగారు దానిని చేతిలోకి తీసుకొని, వెలుతురుకు అటూ ఇటూ త్రిప్పి చూచి, ఏమీ అనక ఒరలో పెట్టినారు. తరువాత మా ఇంట ఏ పెండ్లికీ దానిని బయటికి తీయలేదు. బజారు కఠారులే.

ఇప్పుడెవరైనా పెండ్లికి కఠారి కొనదలిస్తే రాళ్ళను, పూతను చూడకండి. అయస్కాంతం పెట్టి చూడండి. అంటకపోతే అది పాతకాలపు ఉక్కు కాదు. పట్టుకమ్ములు కదలకూడదు. అలుగు పిడిలోకి మేకులతో గట్టిగా దిగి ఉండవలెను, అతికించినది పనికిరాదు. ఒరలోకి గలగల లేకుండ, బిగుసుకొనక పోవలెను. పొడవు విషయంలో తొమ్మిది అంగుళాల లోపే మేలు. అంతకు మించిన వాడి ఆయుధాలను మన ఆయుధ నిబంధనలు వేరే తరగతిలో పెట్టినవి. అన్నిటికంటె ముఖ్యం, వాదర మీద ఒక నిమ్మచెక్క రుద్ది గంట సేపు ఉంచండి. నల్లబడితే ఉక్కు. తళతళలాడుతూనే ఉంటే పూత కావచ్చు, తుప్పు పట్టని రేకు కావచ్చు.

నేనూ అదే చేసినాను. పెండ్లి నుండి ఇంటికి రాగానే అటక మీది పెట్టె దింపించి, పాత కఠారిని బూడిదతో తోమి, రెండు నిమ్మకాయలు పిండి రాత్రంతా ఉంచినాను. తెల్లవారి కడిగి కిటికీ దగ్గరకు తీసుకొనిపోతే, పిడి మొదలు సగం దాకా సన్నని నీటిచారలు, ఇసుకలో వాగు పారిన గుర్తుల వలె. సానరాయి పైపొరనే తిన్నది కాబోలు. నీలం తిరిగిన మొన దగ్గర మాత్రం ఏమీ కనబడలేదు. తమ్మునికి ఫోను చేసి చెప్పితే, వచ్చే వైశాఖంలో రెండవ మనుమని పెండ్లికి దీనినే పంపమన్నాడు. నిమ్మకాయ గుచ్చుకొంటుందా అని అడిగినాడు. గుచ్చి చూచినాను, గుచ్చుకొన్నది.