వేగం మార్చుకునే ఈతకొలను పంపు

ఈతకొలను నీటిని వడపోత యంత్రం గుండా తిప్పుతూ, అవసరాన్ని బట్టి మోటారు వేగాన్ని తగ్గించుకోగల విద్యుత్ పంపును వేగం మార్చుకునే పంపు అంటారు. పాత తరహా పంపులకు ఒకటే వేగం. 60 హెర్ట్జ్ విద్యుత్తు వాడే అమెరికాలో అది సాధారణంగా నిమిషానికి 3,450 భ్రమణాలు. కొత్త రకాల్లో ఎక్కువగా శాశ్వత అయస్కాంత మోటారు, దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ నియంత్రిక ఉంటాయి.

ఈ పంపుతో కలిగే విద్యుత్ పొదుపుకు మూలం పంపుల సాదృశ్య నియమాలు. నీటి ప్రవాహం వేగానికి అనులోమంగా, పీడనం వేగం వర్గానికి, విద్యుత్ సామర్థ్యం వేగం ఘనానికి అనులోమంగా మారతాయి. వేగం సగమైతే ప్రవాహం సగమవుతుంది, కావలసిన సామర్థ్యం మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 1.5 కిలోవాట్ల పంపు 6 గంటల్లో 9 యూనిట్లు వాడుతుంది; సగం వేగంతో 12 గంటలు నడిస్తే అంతే నీటిని లెక్క ప్రకారం 2.25 యూనిట్లతో తిప్పుతుంది. తక్కువ వేగంలో మోటారు దక్షత కొంత తగ్గడం వల్ల వాస్తవ పొదుపు ఇంతకన్నా తక్కువే. వడపోత ఇసుకను ఎదురు ప్రవాహంతో కడిగేటప్పుడు, నీటిని వేడిచేసేటప్పుడు వేగం పెంచక తప్పదు.

అమెరికా ఇంధన శాఖ 2017లో ప్రకటించిన కొలను పంపుల దక్షతా ప్రమాణాలు 2021 జూలై 19న అమల్లోకి వచ్చాయి.