అవ్వ భుజం మీద మచ్చ: మదనపల్లె బీసీజీ నుంచి ఈ ఏడాది ఫ్లూ టీకా దాకా

పోయిన నెల పుంగనూరులో మా అవ్వకి ఫ్లూ టీకా వేయిద్దామని అడిగితే, ఆమె కొంగు పక్కకి జరిపి ఎడమ భుజం చూపించింది. గుండ్రంగా ఒక పాత మచ్చ. "నాకు చిన్నప్పుడే ఏసినారు కదరా సూది. మళ్ళా ఎందుకు దుడ్లు దండగ?" అనింది. ఆమెకి 77 ఏళ్ళు. షుగరుంది, చలికాలం వస్తే ఆయాసం. నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయినా. అందుకే ఈ ఎపిసోడ్.

మదనపల్లె అంటే మనోళ్ళు వెంటనే ఠాగూరు అంటారు. కరెక్టే. 1919 ఫిబ్రవరిలో ఆయన జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడే. అయితే ఆయన రాకకి కొన్ని నెలల ముందే ఫ్లూ మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పుడు టీకా సంగతి అటుంచండి, మనుషుల ఫ్లూకి కారణం ఒక వైరస్ అని తేలిందే 1933లో.

టీకాల చరిత్రలో మన ఊరికి చోటు దొరికింది ఆరోగ్యవరం వల్ల. 1912లో మొదలైన క్షయ శానటోరియం అది. క్షయకి మందే లేని రోజుల్లో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. 1948లో మన దేశంలో బీసీజీ టీకాని మొదట చిన్న స్థాయిలో వేసి చూసిన చోట్లలో మదనపల్లె ఒకటి. మద్రాసు గిండీలో ఆ టీకా తయారుచేసే ల్యాబ్ పెట్టింది కూడా అదే ఏడాది.

అప్పుడు కూడా "ఎవరికి వేయాలి?" అనే ప్రశ్న ఉండింది. ముందు ముంజేతికి చిన్న పరీక్ష చేసేవాళ్ళు. రెండు మూడు రోజులకి అక్కడ గట్టిగా వాచిందంటే క్షయ క్రిమి ఒంట్లోకి అప్పటికే వచ్చినట్టు, వాళ్ళకి టీకా వేయరు. వాపు రానివాళ్ళకే వేస్తారు. 1950 నుంచి డాక్టర్ ఫ్రిమోట్ మొల్లర్ బృందం చుట్టుపక్కల పల్లెల్లో, ఇలా వాపు రానివాళ్ళలో కొందరికి టీకా వేసి, కొందరికి వేయకుండా, ఏళ్ళ తరబడి ఎక్స్‌రేలు తీసి పోల్చింది. మా సాఫ్ట్‌వేరోళ్ళు ఏ/బీ టెస్టింగ్ అని గొప్పగా చెప్పుకుంటారే, ఆ పని మన పల్లెల్లో అప్పుడే జరిగింది!

ఇంతలో 1955లో రాజాజీ, అంతటి పెద్దమనిషి, బీసీజీని నేనెందుకు వ్యతిరేకిస్తున్నానో చెప్తానంటూ పుస్తకమే వేశారు. వాట్సాప్ లేని కాలంలోనే ఇంత గొడవ. నేనైతే ఆయన్ని ఎగతాళి చేయను. ఆరోగ్యంగా ఉన్న పిల్లోడికి సూది వేస్తామంటే రుజువు అడగాల్సిందే. ఆ రుజువు కోసమే ఆరోగ్యవరం వాళ్ళు పల్లెలు తిరుగుతా ఉన్నారు. తేలిందేంటంటే, మొదటి ఏళ్ళలో టీకా బాగానే కాపాడింది, కాలం గడిచేకొద్దీ ఆ బలం తగ్గింది.

అవ్వ మచ్చ బీసీజీదో, మశూచిదో ఆమెకి గుర్తు లేదు. ఏదైనా సరే, ఫ్లూది మాత్రం కాదు. అయినా ఫ్లూ టీకా ఒకసారి వేసుకుంటే జీవితాంతం సరిపోయేది కాదు. 1957 మేలో సింగపూర్ నుంచి ఓడలో మద్రాసుకి కొత్త రకం ఫ్లూ దిగింది. 1958 ఫిబ్రవరికల్లా దేశంలో లెక్కకెక్కిన కేసులే 44 లక్షలు దాటినాయి. 2009 మేలో ఇంకో కొత్త రకం హైదరాబాదుకి విమానంలో వచ్చింది. ఇంత పెద్ద మార్పులు ఎప్పుడో ఒకసారి వస్తాయి గానీ, చిన్న చిన్న మార్పులు ప్రతి ఏడాదీ ఉంటాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, సెప్టెంబరులో, టీకాలో ఏ రకాలు పెట్టాలో చెప్తుంది. పోయినేడాది సూది ఈ ఏడాదికి పాత వెర్షనే.

మరి ఎవరు వేయించుకోవాలి? కేంద్ర ఆరోగ్య శాఖ సూచనల్లో మా అవ్వ రెండు రకాలుగా వస్తుంది: 65 దాటింది, పైగా షుగరు, ఆయాసం. గుండె, కిడ్నీ, లివర్ జబ్బులున్నోళ్ళు కూడా అంతే. కుప్పంలో మా అక్కకి ఐదో నెల, ఆమె కూడా అర్హురాలే. గర్భిణులు ఏ నెలలోనైనా సూది టీకా వేయించుకోవచ్చు. ఆరు నెలల లోపు బిడ్డకి ఈ టీకా వేయరు కాబట్టి, తల్లి నుంచి వచ్చే రక్షణే ఆ బిడ్డకి ఆధారం. ఆరు నెలల నుంచి ఎనిమిదేళ్ళ దాకా పిల్లలు, ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళు కూడా ఈ లెక్కలో ఉన్నారు. నాలాంటి ఆరోగ్యంగా ఉన్న కుర్రోళ్ళు ముందు వరసలో లేరు, కావాలంటే వేయించుకోవచ్చు. ఇంతకుముందు టీకాకి తీవ్రమైన అలర్జీ వచ్చినోళ్ళు మాత్రం ముందు డాక్టరుతో మాట్లాడాలి. సూదిలో ఉండేది బతికున్న వైరస్ కాదు, దాంతో ఫ్లూ రాదు. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది, అందుకే వానాకాలం రాకముందే వేయించుకుంటే మేలు.

నాకు కోపం తెప్పించే సంగతి ఒకటుంది. ఇది ఉచిత టీకాల జాతీయ కార్యక్రమంలో లేదు. ప్రైవేటులో వెయ్యి దాటుతుంది. బీసీజీ పుట్టిన బిడ్డకి ఉచితంగా వేస్తారు, ఆయాసంతో ఉన్న ముసలమ్మ ఫ్లూ టీకాకి పింఛను డబ్బులు తీయాలి. అవ్వ దుడ్లు దండగ అనింది ఊరికే కాదు.

ఇదంతా చెప్పినాక ఆమె కాసేపు ఆలోచించి, "సరే, ఈ తూరి ఆ పక్క చేతికెయ్యమను" అనింది. సోమవారం తీసుకుపోతున్నా. కుప్పం అక్క కూడా తన డాక్టరుని అడుగుతానంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.